తార్నాకకు ఇవతల

ముషీరాబాద్ చౌరస్తాలో బస్సెక్కితే రాంనగర్, అడిక్‌మెట్ దాటి ఉస్మానియా క్యాంపస్‌లో దిగడానికి అరగంట చాలు. క్యాంపస్‌కు అవతలి అంచు తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు అక్కడ తీగల కంచె వేసిన నాకా ఉండేదని పెద్దవాళ్ళు చెప్తారు. కంచె తీసేసి ఎన్నేళ్ళయిందో గానీ మా గల్లీ పిల్లలకు అది ఇంకా తగులుతూనే ఉంది. భోలక్‌పూర్‌లో తోళ్ళ గోదాములకూ పాత సామాన్ల దుకాణాలకూ పనికి పోయేవాళ్ళ పిల్లలు క్యాంపస్ దాకా పోయేది చాలావరకు ఆదివారం పూట క్రికెట్ ఆడటానికే.

మా పేట పేరు వెనకాల నిజాం అలీఖాన్ దివాను అరస్తూ జా ఉన్నాడు. ఆయన బిరుదు ముషీరుల్ ముల్క్. ముషీర్ అంటే సలహా చెప్పేవాడు. సలహాదారు పేరు పెట్టుకున్న పేటను ఇవాళ ఎవరూ ఏ సలహా అడగరు. అడిగేది ఓటు, లేకపోతే ఆధార్ కార్డు. ఇక్కడి జైలు పోయి 2003లో ఆ చోటికి గాంధీ ఆసుపత్రి వచ్చింది. జైలున్న రోజుల్లో పేపర్లలో మా పేట పేరు జైలుతో వచ్చేది, ఇప్పుడు ఆసుపత్రితో వస్తోంది.

ఈ వ్యాసం ఒక కమ్యూనికేషన్ ప్రొఫెసర్ చేసిన పని గురించి. దీని గురించి మేం ఇరానీ హోటల్లో మాట్లాడుకుంటుంటే పక్క బల్ల మీది చాచా ఒకాయన, 'కమ్యూనికేషన్ ప్రొఫెసర్ బోలేతో క్యా పఢాతే బా?' అని అడిగాడు. మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుకుంటారో, పేపరు, రేడియో, టీవీ మనుషులను ఏం చేస్తాయో చెప్తారన్నాం. చాచా చాయ్ సాసర్లో పోసుకుని, 'తో ఫిర్ హమారే మొహల్లే కు కబ్ ఆతే?' అన్నాడు. మేం రాయబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే.

విశ్వవిద్యాలయంలో ప్రతి ప్రొఫెసర్ గురించీ ఒక పరిచయం రాసి ఉంటుంది. ఎక్కడ చదివారు, డాక్టరేట్ ఎక్కడ చేశారు, ఏం పుస్తకాలు రాశారు, ఆఖర్న 'పరిశోధనాసక్తులు'. ఈ ఆఖరి మాట దగ్గర మేం ఆగిపోతాం. ఆసక్తి ఎవరికి ఉండొచ్చు? మాలో ఒకరు చాలా ఏళ్ళ కిందట ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన సీటు కోసం ఇంటర్వ్యూకు పోయారు. తెలుగు దినపత్రికల్లో ముస్లింలు ఏ పేజీలో, ఏ శీర్షిక కింద కనబడతారో లెక్క తీస్తానని కాగితం రాసుకుపోయారు. మీ వాళ్ళ గురించి మీరే రాస్తే తటస్థత ఎక్కడుంటుంది, ఇంకేదైనా తీసుకోమన్నారు బల్ల అవతలి పెద్దలు. రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు తీసుకుంటే బాగుంటుందని సలహా కూడా ఇచ్చారు. అట్లా అన్నవాళ్ళలో తమ జిల్లా పత్రికల మీద, తమ కులం పెద్దల మీద డాక్టరేట్లు చేసినవాళ్ళున్నారు. వాళ్ళది ఆసక్తి అయింది, మాది పక్షపాతమైంది. మనిషి ఆ ఏడే స్కూలు టీచరు ఉద్యోగంలో చేరిపోయారు. ఆ కాగితం ఇంకా ఇంట్లోనే ఉంది.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్ళలో 25 మందికి ఒక్కరు, పీజీ చదివేవాళ్ళలో 50 మందికి ఒక్కరు ముస్లిం అని చెప్పింది. పీజీ గడప దగ్గరే అంత పలచబడితే పరిశోధన గదిలో ఎంతమంది మిగులుతారో వేరే చెప్పక్కర్లేదు. అదే ఏడు ఢిల్లీలో జాతీయ పత్రికలు, చానళ్ళలో నిర్ణయాలు తీసుకునే 315 మంది ఎవరో యోగేంద్ర యాదవ్, అనిల్ చమాడియా, జితేంద్ర కుమార్ లెక్క తీస్తే వాళ్ళలో ముస్లింలు నూటికి ముగ్గురు తేలారు. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. అంతకు పదేళ్ళ ముందే, 1996లో, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి వెతికి దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశాడు. రాసేవాడు మనవాడు కాకపోతే, రాసేవాళ్ళకు పాఠం చెప్పేవాడూ మనవాడు కాకపోతే, మన గురించి రాసింది ఎట్లా ఉంటుందో మనకు తెలుసు.

అసలు ఈ చదువుకూ మాకూ సంబంధం కొత్తదేమీ కాదు. ఈ దేశంలో ఒక విశ్వవిద్యాలయం జర్నలిజం నేర్పడం మొదలుపెట్టింది అలీగఢ్‌లో, 1938లో. సర్ షా ముహమ్మద్ సులేమాన్ పూనుకుంటే రహమ్ అలీ అల్ హాష్మీ నడిపారు. రెండేళ్ళకే మూతపడింది. జర్నలిజం చరిత్ర పాఠాల్లో అది ఒక్క వాక్యం, పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో వచ్చింది, అమెరికా నుంచి వచ్చిన డి ఫారెస్ట్ ఓడెల్ చేతుల మీదుగా. ఉస్మానియా 1918లో పుట్టినప్పుడు అక్కడి చదువంతా ఉర్దూలో. దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, వైద్యం, న్యాయశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి దింపారు. ఒక భారతీయ భాషలో పైచదువులు చెప్పి చూపించిన చోటు అది. 1948 తర్వాత అదంతా ఇంగ్లీషైంది. కనుక జర్నలిజం చదువు క్యాంపస్‌కు వచ్చేసరికే ఉర్దూ అక్కడ నేర్పే భాష కాదు, ఒక శాఖ మాత్రమే. ఊళ్ళో ఉర్దూ పేపర్లు అచ్చవుతూనే ఉన్నాయి, 'సియాసత్' 1949లో మొదలైంది. అంటే ఉర్దూ పేపరు నడిచే వీధికీ పేపరు నడపడం నేర్పే బడికీ మధ్య భాషే కంచె అయింది.

ఇదే చోట ఇంకో మాట. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడలో రజాకార్లు నరికి చంపారు. కాచిగూడ మాకు కూతవేటు దూరం. రజాకారు అన్న మాట తెలుగు పత్రికల్లో ఎన్ని వేలసార్లు అచ్చయి ఉంటుందో! షోయబుల్లా పేరు ఏడాదికి ఒక్కసారి, అదీ జ్ఞాపకముంటే. రెండు పేర్లూ ముస్లింలవే. ఏ పేరును రోజూ పలకాలో, ఏ పేరును వర్ధంతికి దాచాలో ఎవరు తేల్చారన్నది కూడా కమ్యూనికేషన్ పరిశోధన కిందికే వస్తుందని మా నమ్మకం.

ఈ శాస్త్రానికి మూలపురుషులనదగ్గ వాళ్ళలో ఒకడు డేనియల్ లెర్నర్. 1958లో సంప్రదాయ సమాజం గతించిపోతుందని చెప్పే పుస్తకం రాశాడు. అభివృద్ధి కమ్యూనికేషన్ చదివే ప్రతి విద్యార్థీ దాని గురించి వింటాడు. వినేటప్పుడు ఆ పుస్తకంలో ఉన్న మనుషులు ఎవరని అడగడం తక్కువ. టర్కీ, లెబనాన్, ఈజిప్టు, సిరియా, జోర్డాన్, ఇరాన్. దాదాపు అంతా మావాళ్ళే! అంకారా పక్కన బాల్గాట్ అనే పల్లె. అక్కడ ఒక ఊరిపెద్ద, ఒక కిరాణా వ్యాపారి. ఊరిపెద్ద ఉన్నదానితో తృప్తి పడేవాడు, వ్యాపారి అమెరికా పోవాలని కలలు కనేవాడు. వ్యాపారి ఆధునికుడు, పెద్ద పాతకాలపువాడు అని తేల్చారు. నువ్వే సంపాదకుడివైతే ఏం చేస్తావు, నువ్వే దేశాధ్యక్షుడివైతే ఏం చేస్తావు అని పల్లెవాళ్ళను అడిగారు. అట్లాంటి ఊహే రానివాడు వెనకబడినవాడు. ఆ సర్వే పుట్టుకే 'వాయిస్ ఆఫ్ అమెరికా' రేడియోను ఎవరు వింటున్నారో తెలుసుకునే పనితో ముడిపడి ఉంది. మక్కా వైపు మొహం పెట్టినవాడు యంత్రం వైపు తిరిగితే తప్ప బాగుపడడన్నట్టు సాగుతుంది ఆ ఆలోచన. కమ్యూనికేషన్ శాస్త్రం తన మొదటి కొలబద్దను ముస్లిం మెడకు పెట్టి చూసింది. ఆ కొలత తర్వాత అందరికీ వచ్చింది. 1975–76లో అమెరికా ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించినప్పుడు మన రాష్ట్రం పల్లెలూ అందులో ఉన్నాయి. ఢిల్లీ, అహ్మదాబాద్ చెప్తుంటే పల్లె వినాలి. పల్లె చెప్పేది వినే మిషను ఆ పెట్టెలో లేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే ప్రొఫెసర్ వినోద్ పావరాల పని విలువ ఈ వెనకటి కథ పక్కన పెడితేనే తెలుస్తుంది. ఆయన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ ఆచార్యుడు. ఆ విశ్వవిద్యాలయం 1974లో సరోజినీ నాయుడు కుటుంబం ఇంట్లో, గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి పోయింది. ఆయన డాక్టరేట్ అమెరికాలో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో. మొదటి పుస్తకం 1996లో వచ్చింది. అందులో విషయం అవినీతి, సమాజంలో పైమెట్టు మీద ఉన్నవాళ్ళు అవినీతికి ఏ అర్థం చెప్పుకుంటారన్నది. అంటే ఎప్పుడూ మైకు చేతిలో ఉన్నవాళ్ళ మాట. ఆ తర్వాత ఆయన ఆసక్తి మైకు ఎన్నడూ చూడనివాళ్ళ వైపు తిరిగింది. కంచన్ కె. మాలిక్‌తో కలిసి 2007లో 'అదర్ వాయిసెస్' అనే పుస్తకం తెచ్చారు, ఇండియాలో కమ్యూనిటీ రేడియో కోసం జరిగిన పోరాటం మీద. 2011 నుంచి యునెస్కో కమ్యూనిటీ మీడియా పీఠం ఆయన పేరు మీద నడిచింది. పరిచయంలో ఒక వరసలో ఇమిడిపోయే ఈ మలుపు మామూలుది కాదు. చదువుకున్న మనిషి పైవాళ్ళను వదిలి కిందివాళ్ళ దగ్గరకు రావడం మన విశ్వవిద్యాలయాల్లో రోజూ జరిగేది కాదు.

ఆ పుస్తకంలో నాలుగు చోట్ల పని ఉంది. కచ్‌లో మహిళా సంఘం, జార్ఖండ్‌లో పలామూ ప్రాంతం. ఈ రెండు చోట్లా ఆకాశవాణి భుజ్, డాల్టన్‌గంజ్ కేంద్రాల్లో సమయం కొనుక్కుని జనం తమ భాషలో తమ కార్యక్రమం చేసుకున్నారు. కర్ణాటకలో కోలార్ వైపు బూదికోటెలో లైసెన్సు రాదని ఇంటింటికీ తీగ వేసి వినిపించారు. (బూదికోటె హైదర్ అలీ పుట్టిన ఊరు. మా మిత్రుడొకడు ఇది చదివి, 'నవాబు పుట్టిన ఊళ్ళో కూడా గాలికి పర్మిట్ కావాల్సొచ్చింది' అని నవ్వాడు.) నాలుగోది మన జహీరాబాద్ పక్కన పస్తాపూర్, మాచనూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు తమ రేడియో తామే నడుపుకోవాలనుకున్నారు. ఆ సంస్థను నిలబెట్టినవాళ్ళలో ఒకరైన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి, 2023లో పోయారు. పై నుంచి కిందికి చూపించే టీవీ ఏం చేయలేదో ఆయనకు లోపల్నుంచి తెలుసు. యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు గానీ ప్రసారానికి అనుమతి లేదు. దాదాపు పదేళ్ళు క్యాసెట్లు రికార్డు చేసి సంఘం సంఘానికీ మోసుకెళ్ళి వినిపించుకున్నారు. సుప్రీంకోర్టు 1995లోనే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురిలో జస్టిస్ సావంత్‌తో పాటు మన హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. అయినా 2002లో కాలేజీలకు మాత్రమే ఇచ్చారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తీశారు. ఆ తలుపు తీయించిన ప్రయత్నంలో పావరాల ఉన్నారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైనప్పుడు దాన్ని ప్రారంభించింది అదే జస్టిస్ సావంత్. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు స్త్రీల గొంతులు గాలిలోకి వచ్చాయి. లెర్నర్ బాల్గాట్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు మాచనూర్‌లో దొరికింది. నువ్వే సంపాదకుడివైతే అని వాళ్ళను ఎవరూ అడగలేదు, వాళ్ళే సంపాదకులయ్యారు.

ఈ పనిని మేం మనసారా మెచ్చుకుంటాం. మా పేచీ ఆ తర్వాత మొదలవుతుంది.

ఆ నాలుగు చోట్లూ పల్లెలు. స్త్రీలు, దళితులు, పేద రైతులు, తమ యాసకు చోటు లేనివాళ్ళు. వాళ్ళంతా 'కమ్యూనిటీ'. మరి పట్నంలో మొహల్లా? కమ్యూనిటీ అన్న ఒక్క ఇంగ్లీషు మాట మన దగ్గర రెండు రకాలుగా బతుకుతోంది. రేడియో ముందు పెడితే కమ్యూనిటీ రేడియో, మంచి మాట, యునెస్కో మాట. ముస్లిం ముందు పెడితే అది కాస్త ఒరిగి కమ్యూనల్ అవుతుంది. తెలుగు పేపర్లయితే మా కోసం ఇంకో మాట తయారు చేశాయి, 'ఒక వర్గం'. గొడవల్లో మతం పేరు రాయకూడదన్నది మంచి ఉద్దేశంతో పెట్టుకున్న నియమమే. కానీ 'ఒక వర్గానికి చెందిన యువకులు' అని రాసి పక్కనే గల్లీ పేరు రాస్తారు. అది చదివి ఎవరికి తెలియదు? పోలీసు భాషలో మా పేటలు 'సున్నిత ప్రాంతాలు'. పల్లె కమ్యూనిటీ, మొహల్లా సున్నిత ప్రాంతం. పరిశోధకుడు పల్లెకు టేపురికార్డరు పట్టుకుని పోతాడు. సున్నిత ప్రాంతానికి వ్యాను పోతుంది.

పావరాల, మాలిక్ తమ పుస్తకంలో నాన్సీ ఫ్రేజర్ చెప్పిన ఒక ఆలోచనను వాడుకున్నారు. అందరికీ ఒక్కటే బహిరంగ చర్చావేదిక ఉందనుకోవడం భ్రమ, అణగారినవాళ్ళు తమ వేదికలు తాము కట్టుకుని అక్కడ తమ మాట పదును పెట్టుకుని పెద్ద వేదిక మీదికి వస్తారు అన్నది దాని సారాంశం. ఇది చదివినప్పుడు మాకు ఇది మా మాటే అనిపించింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు జరిగింది అదే. తెలుగులో ఒక పక్క వేదిక కట్టుకున్నాం. అప్పుడు పెద్ద వేదిక మీది అభ్యుదయవాదులు కూడా ఇది విడగొట్టడం అన్నారు. పస్తాపూర్ స్త్రీలు విడిగా రేడియో పెట్టుకుంటే ప్రజాస్వామ్యం విస్తరించినట్టు, మేం విడిగా కవిత్వ సంకలనం వేస్తే సమాజం చీలినట్టు. ఒకే సిద్ధాంతం జహీరాబాద్ దగ్గర ఒకలా, ముషీరాబాద్ దగ్గర ఒకలా పనిచేస్తే దాన్ని మోసేవాళ్ళు ఈ తేడా మీద కూడా మాట్లాడాలి కదా. జహీరాబాద్ బజారులో తెలుగు ఎంత వినబడుతుందో దక్కనీ కూడా అంత వినబడుతుంది. ఆ రెండు భాషలు రేడియోలో ఎట్లా పంచుకున్నాయన్నది మేం చదవాలనుకునే అధ్యాయం.

పావరాల, మాలిక్ 2010లో మతాలకూ అవినీతి పట్ల వైఖరికీ సంబంధం మీద ఒక అధ్యయనం చేశారు. అది చేయాల్సిన పనే. మేం గమనించింది ఒక్కటే. మతం లెక్కలోకి వచ్చేది నీతి గురించి అడిగేటప్పుడు. గొంతు గురించి అడిగేటప్పుడు లింగం, కులం, పేదరికం ముందుకొస్తాయి. మాకు నీతి గురించి చెప్పుకోవాల్సింది మౌల్వీ దగ్గర చాలానే విన్నాం. గొంతు గురించే ఎవరూ అడగలేదు.

అన్నిటికంటే పెద్ద సంగతి వార్తలది. 2006 విధానం ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు చెప్పకూడదు. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్ల స్తంభం, మూడేళ్ళు పనిచేసిన సంస్థ, ఢిల్లీ నుంచి భద్రతా అనుమతి, ఇవన్నీ దాటినా సరే. విత్తనాల మీద, పాటల మీద, పండగల మీద మాట్లాడొచ్చు. ఈ నిషేధం తప్పని కమ్యూనిటీ రేడియో కోరినవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. కానీ దీని దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. మా దగ్గర ఇదే ప్రాణం మీదికొస్తుంది.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో నల్లా నీళ్ళు కలుషితమై పదిమందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు ఆ పేటకు ఒక రేడియో ఉందనుకుందాం. నీళ్ళు కాచి తాగండి అని చెప్పొచ్చు, అది ఆరోగ్య సమాచారం. నల్లా ఎన్ని గంటలకు వస్తుందో చెప్పొచ్చు, అది పౌర సమాచారం. నల్లాలోకి చావు ఎట్లా వచ్చింది, పైపు ఎన్నేళ్ళది, ఎవరికి ఎన్నిసార్లు చెప్పుకున్నాం అని అడిగితే అది వార్త. లైసెన్సు పోతుంది.

2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదు. పేలుడులో తొమ్మిదిమంది పోయారు, ఆ వెనకే పోలీసు కాల్పుల్లో అయిదుగురు. ఆ సాయంత్రం మా పేటలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళం పేలుడు గురించి తెలుసుకుంటూనే ఆ తర్వాత ఎవరి ఇంటి తలుపు కొడతారో అని లెక్క వేసుకున్నాం. కొట్టారు. పదుల సంఖ్యలో కుర్రవాళ్ళను పట్టుకుపోయారు. మైనారిటీ కమిషన్ తరఫున అడ్వకేట్ రవిచందర్ విచారించి, వాళ్ళను ఎట్లా హింసించారో 2008లో నివేదిక ఇచ్చారు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, మంచి నడవడిక ఉన్నవాళ్ళని కాగితాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. మరోవైపు దర్యాప్తు దిశ మారి వేరేవాళ్ళ మీద కేసు పెడితే 2018 ఏప్రిల్‌లో వాళ్ళూ విడుదలయ్యారు. అంటే ఇప్పటిదాకా ఆ బాంబు ఎవరూ పెట్టలేదు. ఇక పేపర్ల సంగతి. అరెస్టయిన రోజు మొదటి పేజీ, పేరు, ఫోటో, తండ్రి పేరు, గల్లీ. విడుదలైన రోజు లోపలి పేజీలో నాలుగు వరసలు. ఈ రెండు పేజీల మధ్య దూరం స్కేలు పెట్టి కొలవొచ్చు. మొదట్లో చెప్పిన, బల్ల దగ్గరే ఆగిపోయిన ఆ పరిశోధన కాగితం సరిగ్గా ఇదే అడిగింది. తార్నాకలో ఉన్న లైబ్రరీల్లో పాత పేపర్ల కట్టలు ఉన్నాయి. అమెరికా పోనక్కర్లేదు, పస్తాపూర్ కూడా పోనక్కర్లేదు.

ఇంత కోపంగా రాసినందుకు మా వైపు కూడా చూసుకోవాలి. వార్తలు లేని రోజుల్లో మేం ఎవరిని విన్నాం? కర్ఫ్యూ రాత్రుల్లో బీబీసీ ఉర్దూ 'సైర్‌బీన్' విన్నాం. మామూలు రాత్రుల్లో హైదరాబాద్ ఆకాశవాణి 'నైరంగ్' విన్నాం. 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చిన దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడంలో కూడా పలికింది, 1950లో ఆకాశవాణి అయింది. ఆ రేడియో ఉర్దూ అందరు ముస్లింల ఉర్దూ కాదు. మా దూదేకుల అమ్మమ్మకు అందులో సగం అర్థమయ్యేది కాదు. దూది ఏకిన చేతులకు ఇంట్లో తెలుగే. ఉర్దూ పేపరు మమ్మల్ని తెలుగువాళ్ళని పక్కన పెట్టింది, తెలుగు పేపరు తురకవాళ్ళని పక్కన పెట్టింది. పాతబస్తీ పెద్దల పేపర్లలో నల్లగొండ, కర్నూలు పల్లెల ముస్లిం కూలీలు, లద్దాఫులు ఎంత కనబడ్డారని మేం అడిగితే వాళ్ళ దగ్గరా జవాబు లేదు.

మసీదు మైకు మా పేటలో అందరికీ వినబడే ఒకే ఒక్క రేడియో. అజాన్ వస్తుంది, చావు కబురు వస్తుంది, తప్పిపోయిన పిల్లవాడి కబురు వస్తుంది. ఆ మైకు ముందు ఇంతవరకు ఒక్క ఆడ మనిషి నిలబడలేదు. సంఘం రేడియోలో నర్సమ్మలు మైకు పట్టుకుంటే చప్పట్లు కొట్టిన మేం మా ఇంటి ఫాతిమాలకు మొహల్లా మీటింగులో పరదా వెనక కుర్చీ వేశాం. పావరాల పుస్తకం మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇక్కడ. ఆయన మా గల్లీకి రాలేదని మేం అంటున్నాం. వచ్చి ఉంటే మైకు ఎవరి చేతిలో ఉందని మొదట అడిగేవారు. అప్పుడు మేం ఏం చూపించేవాళ్ళం?

మాచనూర్ స్త్రీలు లైసెన్సు కోసం ఆగకుండా పదేళ్ళు క్యాసెట్లలో మాట్లాడారన్నది మాకు పట్టుకుంది. మాలో ఒకరి తల్లి పాతికేళ్ళ కిందట అట్లాంటి పనే చేసింది, ఏ సిద్ధాంతమూ తెలియకుండా. పెళ్ళిళ్ళలో ముసలివాళ్ళు పాడే దక్కనీ పాటలు, 1948లో ఊళ్ళు విడిచి పట్నం చేరిన కబుర్లు, 1990 డిసెంబర్ కర్ఫ్యూలో పాలు ఎట్లా తెచ్చుకున్నారో, అన్నీ టేపురికార్డరులో పట్టి పెట్టింది. పన్నెండు క్యాసెట్లు. మీద ఉర్దూలో పేర్లు, కొన్ని తెలుగులో. ఆమె పోయాక బీరువాలో దొరికాయి. వినడానికి ఇంట్లో మిషను లేదు, చౌరస్తాలో రిపేరు దుకాణాలవాళ్ళు ఇప్పుడవి బాగు చేయమంటున్నారు. క్యాంపస్‌లో జర్నలిజం చదువుతున్న రాంనగర్ పిల్లవాడొకడు తన హాస్టల్లో ఎవరి దగ్గరో పాత పానసోనిక్ ఉందని చెప్పాడు. జుమ్మా నమాజు తర్వాత తీసుకొస్తానని కబురు పంపాడు.